మొదటి కస్టమ్ కీబోర్డ్: పోపుల పెట్టె నుంచి స్పేస్ బార్ దాకా

మా బావమరిదికి బెంగళూరులో ఉద్యోగం వచ్చి, కేఆర్ పురంలో మా ఇంటికి రెండు వీధుల అవతల గది తీసుకున్నాడు. ఒక ఆదివారం నా టేబుల్ దగ్గర కూర్చుని నా కీబోర్డ్ మీద రెండు లైన్లు కొట్టి, "బావా, ఇది ఏ కంపెనీది?" అని అడిగాడు. విడిభాగాలు తెచ్చుకుని ఇంట్లోనే బిగించానని చెప్పాను. తర్వాతి రెండు వారాంతాలు ఇద్దరం కూర్చుని వాడికీ ఒకటి తయారుచేశాం. ఆ పని జరిగిన వరుసలోనే ఇది రాస్తున్నాను.

ఒక్క విషయం ముందే చెప్పేస్తాను, కిందంతా దాని చుట్టూనే తిరుగుతుంది. కొత్తవాళ్లు డబ్బంతా రంగురంగుల కీక్యాప్‌ల (కీల పైన ఉండే టోపీల) మీద, బరువైన అల్యూమినియం కేసు మీద పెడతారు. వేళ్లకు తెలిసే తేడా మాత్రం స్పేస్ బార్, ఎంటర్, షిఫ్ట్, బ్యాక్‌స్పేస్ కింద ఉండే స్టెబిలైజర్లలో, అంటే పొడవాటి కీ పక్కకు ఒరగకుండా పట్టి ఉంచే భాగాల్లో ఉంటుంది. వాటికి డబ్బు పెద్దగా అక్కర్లేదు. ఒక సాయంత్రం కేటాయించి, ఓపిగ్గా కూర్చుంటే చాలు.

ఏ సైజు, ఏ కిట్

ఫుల్ సైజు కీబోర్డ్‌లో 104 కీలు ఉంటాయి. కుడివైపు నంబర్ ప్యాడ్ తీసేస్తే 87, దాన్ని టీకేఎల్ అంటారు. ఇంకా కుదిస్తే 75 శాతం, 65 శాతం, 60 శాతం అని వస్తాయి. 60 శాతంలో 61 కీలే ఉంటాయి, బాణం గుర్తులు కూడా ఉండవు. రోజంతా ఎక్సెల్‌లో అంకెలు కొట్టేవాళ్లు నంబర్ ప్యాడ్ వదులుకోకండి. మిగతావాళ్లకు మొదటి కీబోర్డ్‌గా 65 శాతమే నా సలహా. బాణాలు ఉంటాయి, మౌస్‌కు చోటు మిగులుతుంది, లూబ్ చేయాల్సిన, అంటే గ్రీజు రాయాల్సిన స్విచ్‌లు (ఒక్కో కీ కింద ఒకటి ఉంటుంది) కూడా 70కి లోపే.

కిట్ అంటే కేసు, పీసీబీ (స్విచ్‌లు దిగే సర్క్యూట్ బోర్డు), ప్లేటు (స్విచ్‌లను పట్టి ఉంచే పలక) కలిసి వచ్చే సెట్. కొనేటప్పుడు వివరాల్లో రెండు పదాలు వెతకండి. ఒకటి హాట్-స్వాప్. అంటే స్విచ్‌ను టంకం వేయకుండా సాకెట్‌లోకి నొక్కి పెట్టవచ్చు, నచ్చకపోతే పీకి ఇంకోటి పెట్టవచ్చు. రెండోది క్యూఎంకే (కీబోర్డ్ లోపల నడిచే ప్రోగ్రామ్) లేదా వయా (కీల అమరికను కంప్యూటర్ నుంచి మార్చుకునే సాఫ్ట్‌వేర్) సపోర్ట్. ఇది ఉంటే ఏ కీ ఏం చేయాలో మీరే నిర్ణయించుకోవచ్చు. చవక కిట్లు కొన్ని తమ సొంత సాఫ్ట్‌వేర్‌తో మాత్రమే పనిచేస్తాయి. తెలుగు టైప్ చేసేవాళ్లకు వయా ఎందుకు ముఖ్యమో చివర్లో చెబుతాను.

టంకం వేసే రకం పీసీబీలు కూడా ఉన్నాయి. 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్‌తో ఆ పని చేయవచ్చు కానీ, మొదటిసారే ఒక్కో స్విచ్‌కు రెండేసి చొప్పున 130 పైచిలుకు టంకాలు వేయడం, ఒకటి తప్పితే పీకడం చాలా కష్టం. దాన్ని రెండో కీబోర్డ్‌కు ఉంచుకోండి.

స్విచ్‌లు

ఈ స్విచ్‌ల మూలం జర్మనీ కంపెనీ చెర్రీ 1980లలో తెచ్చిన ఎంఎక్స్ డిజైన్. పేటెంట్ గడువు తీరాక గేటరాన్, కైల్, ఔటెము లాంటి చైనా కంపెనీలు అదే ఆకారంలో చేయడం మొదలుపెట్టాయి. అందుకే ఒకరి స్విచ్ ఇంకొకరి సాకెట్‌లో సరిపోతుంది. మామూలుగా కీ 4 మిల్లీమీటర్లు దిగుతుంది, సుమారు 2 మిల్లీమీటర్ల దగ్గరే అక్షరం పడుతుంది.

రకాలు మూడు. లీనియర్ నున్నగా దిగిపోతుంది. టాక్టైల్‌లో మధ్యలో చిన్న గడ్డ తగులుతుంది. క్లికీ ఆ గడ్డతో పాటు టిక్కుమని శబ్దం చేస్తుంది. పీజీలో రూమ్మేట్‌తో ఉండేవాళ్లు క్లికీ జోలికి వెళ్లకండి. రాత్రి 11 గంటలకు ప్రొడక్షన్ ఇష్యూ వస్తే మీ టెన్షన్ పక్క మంచానికి కూడా పాకుతుంది. మా వాడికి తేలికపాటి లీనియర్ తీసుకున్నాం.

అడుగున పిన్నులు చూడండి. కరెంటు పారే లోహపు పిన్నులు రెండు, మధ్యలో లావు ప్లాస్టిక్ స్తంభం ఒకటి, ఈ మూడూ అన్నిటికీ ఉంటాయి. 5 పిన్ స్విచ్‌లకు పక్కన ఇంకో రెండు ప్లాస్టిక్ కాళ్లుంటాయి. మీ పీసీబీ 3 పిన్‌దైతే ఆ కాళ్లను నెయిల్ కట్టర్‌తో కత్తిరించవచ్చు. 5 పిన్ పీసీబీలో రెండు రకాలూ పడతాయి. లెక్కకు మించి పది అదనంగా కొనండి. ఒకటి రెండు చేతిలో పాడవుతాయి.

కీక్యాప్‌లు: ఒక్క కుడి షిఫ్ట్ చూసుకోండి

ఏబీఎస్ ప్లాస్టిక్ కొన్ని నెలలకు వేలి జిడ్డుతో మెరుస్తుంది. పీబీటీ కాస్త గరుగ్గా ఉంటుంది, ఎక్కువ కాలం అలాగే ఉంటుంది. పీబీటీలో డై-సబ్ (అక్షరం రంగు ప్లాస్టిక్‌లోకి ఇంకేది) గానీ డబుల్‌షాట్ (అక్షరాన్ని వేరే రంగు ప్లాస్టిక్‌తో పోసేది) గానీ తీసుకుంటే అక్షరాలు చెరిగిపోవు.

చాలామంది బోల్తా పడేది కొలతల దగ్గర. మామూలు అక్షరం కీ వెడల్పును 1యూ అంటారు, అంటే 19.05 మిల్లీమీటర్లు. ఫుల్ సైజులో కుడి షిఫ్ట్ 2.75యూ ఉంటుంది. 65 శాతంలో పక్కనే పై బాణం రావాలి కాబట్టి అది చాలావరకు 1.75యూ అవుతుంది. కుడివైపు ఆల్ట్, కంట్రోల్ కూడా చాలా కిట్లలో 1యూకి తగ్గిపోతాయి. ఈ చిన్న కీలు సెట్‌లో ఉన్నాయో లేదో ఫొటోలో లెక్కపెట్టుకుని కొనండి. నా మొదటి సెట్‌లో అవి లేవు. ఆరు వారాలు కుడి షిఫ్ట్ మీద టోపీ లేకుండానే టైప్ చేశాను.

ఎక్కడ దొరుకుతాయి

2020 నవంబరులో కేంద్రం అలీఎక్స్‌ప్రెస్ యాప్‌ను నిషేధించాక, మనకు దారి ఎక్కువగా దేశంలోని ఆన్‌లైన్ షాపులే. స్టాక్స్‌కేబీ, మెక్‌కీస్ లాంటివి కీబోర్డ్ సామాను మీదే నడుస్తున్నాయి. కిట్, స్విచ్‌లు, లూబ్ అక్కడ తీసుకోవచ్చు.

మిగతా చిల్లర సామానుకు బెంగళూరులో ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే ఎస్పీ రోడ్‌కు వెళ్లండి. కేఆర్ పురం నుంచి పర్పుల్ లైన్‌లో మెజెస్టిక్, అక్కడ గ్రీన్ లైన్ మారితే తర్వాతి స్టేషనే చిక్కపేట. అక్కడి నుంచి నడక దూరం. సన్నటి పట్టకారు, చిన్న ఫిలిప్స్ స్క్రూడ్రైవర్లు, మంచి యూఎస్‌బీ-సీ కేబుల్, మల్టీమీటర్ అన్నీ ఆ సందుల్లో దొరుకుతాయి. కేబుల్ కొనేటప్పుడు డేటా వెళ్లేదేనా అని అడిగి తీసుకోండి. ఛార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే కేబుల్‌తో కీబోర్డ్ పెట్టి, పీసీబీ పోయిందని దిగులుపడేవాళ్లను చూశాను. లూబ్ రాయడానికి పెయింట్ బ్రష్ స్టేషనరీ షాపులో కొనండి, సున్నా లేదా రెండు సున్నాల సైజు.

మా వాడికి కిట్ 4,500, స్విచ్‌లు 2,000, కీక్యాప్‌లు 1,800, లూబ్, పనిముట్లు 1,100. మొత్తం 9,400 రూపాయలు అయింది. స్టెబిలైజర్లు కిట్‌తోనే వచ్చాయి.

ముందు పీసీబీని పరీక్షించాలి

పార్సిల్ రాగానే అందరికీ బిగించాలని చేతులు దురద పెడతాయి. ఆగండి. పీసీబీని బయటకు తీసి, చెక్క టేబుల్ మీద పెట్టి, కంప్యూటర్‌కు కలపండి. క్రోమ్‌లో వయా వెబ్‌సైట్ తెరిచి కీ టెస్టర్‌లోకి వెళ్లండి. ఇప్పుడు పట్టకారు రెండు మొనలను ఒక్కో స్విచ్ స్థానంలోని రెండు కన్నాలకు ఒకేసారి తాకించండి. తెర మీద ఆ కీ వెలగాలి. 68 కీలకు ఐదు నిమిషాలు పడుతుంది. ఒక్కటి వెలగకపోయినా ఇప్పుడే వీడియో తీసి షాపుకు పంపండి. అన్నీ బిగించాక చెబితే, తప్పు ఎవరిదో తేల్చడానికే వారం పోతుంది.

స్టెబిలైజర్లు: ఇక్కడ తొందరపడొద్దు

2యూ, అంతకు మించి వెడల్పున్న ప్రతి కీ కింద స్టెబిలైజర్ ఉంటుంది. రెండు చివర్లా చిన్న ప్లాస్టిక్ గూళ్లు, ఒక్కో గూటిలో కదిలే స్టెమ్, రెంటినీ కలుపుతూ ఒక తీగ. కీని ఏ మూల నొక్కినా సమంగా దిగడానికే ఈ ఏర్పాటు. తీగకూ ప్లాస్టిక్‌కూ మధ్య సందు ఉంటుంది కాబట్టి, పొడిగా వదిలేస్తే స్పేస్ కొట్టినప్పుడల్లా స్టీలు గిన్నెలో చెంచా కదిలినట్టు గలగలమంటుంది.

మొదట తీగ వంకర చూడాలి. అద్దం ముక్క మీద తీగను పడుకోబెట్టి, రెండు కొసలను మార్చి మార్చి గోటితో నొక్కండి. ఒక కొస లేచి టకటక కొట్టుకుంటే తీగ మెలితిరిగిందని అర్థం. చేతితో కొంచెం వ్యతిరేక దిశలో వంచి మళ్లీ అద్దం మీద పెట్టండి. స్పేస్ బార్ తీగ పొడవు కాబట్టి ఎక్కువగా వంకర ఉండేది అదే. మా వాడి తీగకు ఎనిమిది సార్లు పట్టింది. తొమ్మిదోసారి అద్దం మీద పెట్టినప్పుడు చప్పుడు లేదు. వాడు తల వంచి చెవి దగ్గర పెట్టుకుని మరీ విన్నాడు.

తర్వాత స్టెమ్ అడుగు చూడండి. కొన్ని చెర్రీ తరహా స్టెబిలైజర్లకు అడుగున రెండు చిన్న కాళ్లు సాగి ఉంటాయి. అవి పీసీబీకి తగిలి మెత్తటి, బురదలో అడుగేసినట్టుండే స్పర్శ ఇస్తాయి. వాటిని సమంగా కత్తిరించాలి. అడుగు చదునుగా ఉంటే ముందే కత్తిరించి పంపారని అర్థం, ముట్టుకోవద్దు.

ఇక లూబ్. గూటి లోపలి గోడలకూ స్టెమ్ పక్కలకూ క్రైటాక్స్ 205 గ్రీజును బ్రష్‌తో రాయాలి. తీగ వంపు తిరిగి స్టెమ్‌లోకి దూరే కొసలకు మాత్రం చిక్కటి డైఎలెక్ట్రిక్ గ్రీజు కావాలి, అది కాస్త దండిగానే పెట్టండి. గలగల పుట్టేది ఆ కొసల దగ్గరే. తీగ గూటికి పట్టుకునే చోట కూడా కొంచెం.

కొబ్బరి నూనె, కుట్టు మిషన్ నూనె, తుప్పు వదిలించే స్ప్రే, వాజలిన్ వాడొచ్చా అని మా వాడూ అడిగాడు. వద్దు. నూనెలు పలచగా కారిపోతాయి, దుమ్ము పడతాయి. పెట్రోలియంతో చేసినవి కొన్ని ప్లాస్టిక్‌లను మెత్తబరుస్తాయి. క్రైటాక్స్ ప్లాస్టిక్‌ను ఏమీ చేయదు కాబట్టే దాన్ని వాడతారు. అయితే ఆ పని చేస్తూ సిగరెట్ ముట్టకండి. వేలికంటిన గ్రీజు నిప్పు తగిలితే వచ్చే పొగ విషం. పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కున్నాకే అన్నం దగ్గరికి వెళ్లండి.

పీసీబీ మీద స్టెబిలైజర్ కన్నాలు ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, కాబట్టి ఒక్క దిశలోనే కూర్చుంటుంది. స్క్రూ రకమైతే వెనక నుంచి బిగించాలి, వాషర్ ఇస్తే మరిచిపోవద్దు. స్క్రూ ఆగిందనిపించగానే ఆపేయండి. బిగించాక స్పేస్ కీక్యాప్ ఒక్కటి పెట్టి, మధ్యలో, ఎడమ చివర, కుడి చివర నొక్కి వినండి. ఒక వైపు గలగలమంటే ఇప్పుడే విప్పి మళ్లీ చేయండి. పైన ప్లేటు, స్విచ్‌లు బిగించాక ఇక్కడికి రావాలంటే అంతా విప్పాలి.

స్విచ్‌లకు లూబ్

ఫ్యాక్టరీలో లూబ్ చేసిన స్విచ్‌లు ఇప్పుడు చాలా దొరుకుతున్నాయి. అవి కొంటే ఈ మెట్టు దాటేయొచ్చు, ఏ లోటూ ఉండదు. మా వాడివి పొడివి. కీ మెల్లగా నొక్కితే గరగరమనడం వేలికి తెలిసేది.

మా ఇంట్లో పాత పోపుల పెట్టె ఒకటి ఉంది. కడిగి ఆరబెట్టి దాన్నే ముందు పెట్టుకున్నాం. ఆవాల గిన్నెలో స్ప్రింగులు, జీలకర్ర గిన్నెలో స్టెమ్‌లు (కీక్యాప్ కూర్చునే, పైకీ కిందికీ కదిలే ముక్కలు), మెంతుల గిన్నెలో పై మూతలు, మినప్పప్పు గిన్నెలో అడుగు భాగాలు. ఒక్కటీ కింద పడలేదు. స్ప్రింగు టేబుల్ మీంచి ఎగిరితే మళ్లీ దొరకదు కాబట్టి ఏదో ఒక గిన్నెల ఏర్పాటు చేసుకోండి.

స్విచ్ ఓపెనర్ మీద పెట్టి నొక్కితే మూత లేస్తుంది. స్ప్రింగులన్నీ ఒక జిప్ కవర్‌లో వేసి, క్రైటాక్స్ 105 నూనె నాలుగైదు చుక్కలు వేసి బాగా ఊపండి. స్టెమ్‌కు నాలుగు పక్కలా బ్రష్‌తో 205 రాయండి. అడుగు భాగంలో స్టెమ్ జారే రెండు పట్టాల మీద రాయండి. ఎంత రాయాలంటే, దోసె పెనానికి ఉల్లిపాయ ముక్కతో నూనె రాస్తామే, అంత. తెల్లగా పేరుకుని కనిపిస్తే ఎక్కువైనట్టే, బ్రష్‌తో తుడిచేయండి. రాగి రంగు లోహపు రేకు మీద గ్రీజు పడకుండా చూడండి, అక్షరం పడటానికి ఆ రేకే ఆధారం. టాక్టైల్ స్విచ్ అయితే స్టెమ్ ముందుకు పొడుచుకొచ్చిన రెండు కాళ్లకు రాయకండి. మీరు డబ్బు పెట్టి కొన్న ఆ గడ్డ వాటి దగ్గరే పుడుతుంది.

ఇద్దరం కలిసి చేస్తే 78 స్విచ్‌లకు మూడున్నర గంటలు పట్టింది. ఒక్కరే అయితే రెండు రోజులకు పంచుకోండి. చివరి ఇరవై స్విచ్‌లకు చేయి బద్ధకిస్తుంది, లూబ్ మందం మారిపోతుంది. అలసట అనిపించగానే ఆపి, ఆ తేడా వచ్చిన వాటిని ఎస్కేప్, ఇన్సర్ట్ లాంటి మూల కీలకు పక్కన పెట్టండి.

బిగింపు

పీసీబీ మీద ఫోమ్ ఇస్తే పరిచి, పైన ప్లేటు పెట్టండి. మొదట నాలుగు మూలలా నాలుగు స్విచ్‌లు పెడితే రెండూ సమంగా నిలుస్తాయి.

ప్రతి స్విచ్ పెట్టే ముందు తిప్పి రెండు లోహపు పిన్నులు నిటారుగా ఉన్నాయో చూడాలి. వంగితే పట్టకారుతో సరిచేయండి. కన్నాలకు ఎదురుగా నిలబెట్టి తిన్నగా నొక్కాలి. నొక్కేటప్పుడు రెండో చేతి వేలు పీసీబీ వెనక ఆ సాకెట్ కింద ఆనించి ఉంచండి. ఇది చాలా ముఖ్యం. మా వాడు పదిహేనో స్విచ్ దగ్గర వెనక వేలు పెట్టకుండా బలంగా నొక్కాడు. వెనక నల్లటి సాకెట్ ఒక వైపు పీసీబీ నుంచి లేచిపోయింది. అదృష్టం కొద్దీ కింది రాగి పొర ఊడలేదు, ఐరన్‌తో మళ్లీ అతికించాం. ఆ పొర ఊడి ఉంటే ఆ కీ పోయినట్టే, లేదా సన్నటి తీగతో దారి కలపాల్సి వచ్చేది.

అన్నీ పెట్టాక కేసులో దించే ముందు మళ్లీ కీ టెస్టర్ తెరిచి ప్రతి కీ నొక్కండి. పనిచేయని కీ ఉంటే నూటికి తొంభై సార్లు పిన్ను వంగి సాకెట్ పక్కకు మడత పడి ఉంటుంది. స్విచ్ పుల్లర్‌తో పీకి, సరిచేసి పెట్టండి.

యూఎస్‌బీ పోర్టు విడి బోర్డు మీద ఉంటే దాని చిన్న కేబుల్‌ను వేలితో మెల్లగా నొక్కి కలపండి, తీగ పట్టుకుని లాగకండి. కేసు స్క్రూలు ఒక మూల, దాని ఎదురు మూల, అలా కొంచెం కొంచెం బిగించండి. గాస్కెట్ మౌంట్ కిట్‌లో (ప్లేటును మెత్తటి ముక్కల మీద నిలిపే రకం) గట్టిగా బిగిస్తే ఆ మెత్తదనమే పోతుంది.

కేసులో ఇంకా డొల్ల శబ్దం వస్తే, పీసీబీ వెనక రెండు మూడు పొరలు పెయింటర్ల కాగితపు టేపు అతికించి చూడండి. ఖర్చు యాభై రూపాయలు, నచ్చకపోతే పీకేయొచ్చు.

వయాలో తెలుగు ఏర్పాటు

కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ 1986లో ప్రమాణంగా తెచ్చిన ఇన్‌స్క్రిప్ట్ అమరికలో తెలుగు టైప్ చేసేవాళ్లు ఒకటి గమనించే ఉంటారు. ఎడమచేతి మధ్య వేలి కిందుండే డి కీ మనకు పొల్లు. ఒత్తు రావాలంటే అది నొక్కాల్సిందే. షిఫ్ట్‌తో అదే కీ అ. "అమ్మ" అనే చిన్న మాటకే షిఫ్ట్-డి, సి, డి, సి, అంటే నాలుగింటిలో రెండు సార్లు డి. "స్త్రీ"కి కూడా రెండు సార్లు. ఇంగ్లీష్‌వాళ్లకు ఈ ఇబ్బంది ఉండదు. కాబట్టి లూబ్ బాగా కుదిరిందనిపించిన స్విచ్‌ను డి స్థానంలో పెట్టండి. మా వాడి కీబోర్డ్‌లో అలాగే చేశాం.

కీబోర్డ్ పంపేది కీ సంకేతాన్నే, దాన్ని తెలుగు అక్షరంగా మార్చేది ఆపరేటింగ్ సిస్టమ్. అందుకని ముందు విండోస్ సెట్టింగ్స్‌లో తెలుగు భాష, ఇన్‌స్క్రిప్ట్ చేర్చుకోండి. భాష మార్చడానికి విండోస్ కీతో స్పేస్ నొక్కాలి. రోజుకు వంద సార్లు రెండు కీలు నొక్కే బదులు, వయాలో క్యాప్స్‌లాక్ మీద క్లిక్ చేసి, స్పెషల్ విభాగంలో ఎనీ అనే బటన్ ఎంచుకుని, ఎడమ విండోస్ కీతో స్పేస్ కలిపిన కోడ్ ఇవ్వండి. ఇక ఒక్క నొక్కుతో ఇంగ్లీష్, ఇంకో నొక్కుతో తెలుగు. ఆ అమరిక కీబోర్డ్‌లోనే నిలిచి ఉంటుంది, కాబట్టి ఆఫీసు కంప్యూటర్‌కు తీసుకెళ్లి పెట్టినా అలాగే పనిచేస్తుంది. అక్కడ కూడా తెలుగు భాష చేర్చి ఉంటే చాలు.

వయా మీ కీబోర్డ్‌ను గుర్తించకపోతే అమ్మినవాళ్ల పేజీలో జేసన్ ఫైలు (కీబోర్డ్ వివరాలుండే చిన్న ఫైలు) ఉంటుంది. దాన్ని దించుకుని డిజైన్ ట్యాబ్‌లో లోడ్ చేయండి. ఫైర్‌ఫాక్స్‌తో కుస్తీ పట్టకండి, క్రోమ్ గానీ ఎడ్జ్ గానీ వాడండి.

మా వాడు రెండో ఆదివారం రాత్రి క్యాప్‌లన్నీ పెట్టి, క్యాప్స్‌లాక్ నొక్కి, ఒంగోలులో ఉన్న అమ్మకు వాట్సాప్ వెబ్‌లో ఉత్తరమంత మెసేజ్ తెలుగులో కొట్టాడు. మధ్యలో స్పేస్ బార్ కుడి చివర ఒక్కసారి చిన్నగా గలగలమంది. "బావా, రేపు మళ్లీ విప్పుదాం" అన్నాడు. మర్నాడు ఆఫీసు నుంచి వచ్చాక విప్పి చూస్తే, ఆ వైపు తీగ కొసకు గ్రీజు తక్కువైంది.